బాత్‌రూములో మరిచిపోయిన హక్కు

తుపాకీ హక్కుల మహాసభకు తుపాకీ పెట్టుకుని వెళ్లడం ఆరోగ్యానికి చాలా మంచిది. ఈ సంగతి ఏ డాక్టరూ మీకు చెప్పడు. చెబితే అతని ప్రాక్టీసు ఏం కావాలి?

నేను చెబుతున్నాను, నమ్మండి. ఇరవై ఏడేళ్లుగా ఓక్లహోమా జనానికి తుపాకీ భద్రత పాఠాలు చెబుతున్నవాణ్ణి. మన సంఘం పత్రికలో ఈ పేజీ నింపుతున్నది కూడా నేనే, డెల్మర్ స్టాంప్స్‌ని. మీలో సగం మంది నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. మిగతా సగం మందికి నా దగ్గర నేర్చుకున్నవాళ్లు నేర్పారు.

మొదటి లాభం తిండి దగ్గర కనిపిస్తుంది. ప్యాంటు లోపల నడుముకి పిస్తోలు దోపుకున్నవాడు బ్రిస్కెట్ మాంసం రెండు ప్లేట్ల దాకా హాయిగా తింటాడు. మూడో ప్లేటుకి వంగగానే దాని పిడి వచ్చి పక్కటెముకలో పొడుస్తుంది. "చాల్లే నాయనా!" అంటుంది. పెళ్లాం మాట వినని మొగాడు కూడా దాని మాట వింటాడు.

రెండోది, బరువులు మొయ్యక్కర్లేదు. కుడి చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాలన్నది మా పాఠాల్లో మొదటి సూత్రం. అందుకని నేను కిరాణా సంచులు ఎడం చేతికి పట్టినన్నే మోస్తాను. మిగిలినవి ఒలీటా మోస్తుంది. ఒలీటా నా భార్య. కుడి పక్క పిస్తోలుది కాబట్టి ముప్ఫై నాలుగేళ్లుగా ఆమె నా ఎడం పక్కనే నడుస్తోంది. ఆమె కుడి చెంప నాకు కంఠతా వచ్చు!

ఇక హోటల్లో ఎక్కడ కూర్చోవాలన్న బెంగే ఉండదు. గోడకి వీపు ఆనించి, తలుపుకి ఎదురుగా కూర్చోవాలి. మన సంఘం విందుకి నూట యాభై మంది వస్తే నూట యాభై మందికీ గోడే కావాలి. మధ్య టేబుళ్లన్నీ బోసిగా ఉంటాయి. అంచేత మన విందుల్లో తోపులాట అనేది ఉండదు. ఏ పెళ్లివారు ఇంత క్రమశిక్షణ చూపించగలరు?

పాత మిత్రులు కనిపిస్తే కావలించుకునే ఇబ్బంది కూడా తప్పుతుంది. ఎదురెదురుగా కావలించుకుంటే ఇనుమూ ఇనుమూ తగిలి ఠంగుమంటుంది. అందుకే మనవాళ్లు భుజాలు మాత్రం తాకించుకుని విడిపోతారు. అరవై దాటిన మగవాడికి అంతకు మించిన ప్రేమ ఎందుకు చెప్పండి?

ఇన్ని సుగుణాలున్నదాన్ని సభ గుమ్మం దగ్గర వదిలి లోపలికి రమ్మంటే ఎవరికి కడుపు మండదు? సరిగ్గా అలా రమ్మనే అంది మన సంఘం సభ్యురాలు ట్విలా. ఈ ఏడు సభకి ఆమె ఒక తీర్మానం పెట్టింది. గుమ్మం దగ్గర లాకర్లు పెట్టించాలట. వచ్చినవాళ్లు పిస్తోలు అందులో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని లోపలికి రావాలట!

ట్విలా పిరికి మనిషి అనుకునేరు. ముప్ఫై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. రాష్ట్రస్థాయి గురి పోటీల్లో నన్ను రెండుసార్లు మట్టి కరిపించింది. రెండోసారి జలుబుతో ఉండి కూడా.

"హక్కు గురించి మాట్లాడుకోడానికే కదయ్యా వెళ్తున్నాం. దానికి నోరుంటే చాలు, నీకు అది బోలెడంత ఉంది" అంది నాతో.

నేను ఊరుకుంటానా? సవరణ అన్న మాట చెవిన పడితేనే నాకు కళ్లు చెమరుస్తాయి. మన అమెరికా రాజ్యాంగానికి సవరణలు చాలా ఉన్నాయంటారు. నాకు తెలిసినది రెండోది ఒక్కటే, ఆయుధం పట్టే హక్కుది. పోయిన నెల ఇదే పేజీలో ట్విలా తీర్మానాన్ని చీల్చి చెండాడాను. అది నెగ్గితే శిక్షకుడి పదవి వదిలేస్తానని మీసం మెలేసి మరీ రాశాను. ఆ పదవే లేకపోతే నేనెవర్ని? చేపలు పట్టడం కూడా చేతకాని ఒక ముసలాణ్ణి.

అందుకని శనివారం మధ్యాహ్నం రెండింటికి, మూడు వేల మంది ముందు, తీర్మానానికి వ్యతిరేకంగా నేను మాట్లాడాలని నిర్ణయమైంది. దానికి ముందు నాకొక ఇత్తడి ఫలకం ఇస్తారు. దాని మీద "నిర్లక్ష్యం ఎరుగని ఇరవై ఏడేళ్లు" అని చెక్కించారు. చెక్కించిన అక్షరాలు నేను ముందే చూశాను. ప్రూఫు దిద్దింది నేనే.

సభ జరిగిన చోటు మీకు తెలిసిందే, సంతమైదానంలో పెద్ద హాలు. అక్కడ స్వేచ్ఛ అంటే ఏమిటో కళ్లారా చూడొచ్చు. స్టాళ్లలో అమ్మకానికి పెట్టిన తుపాకులు ఖాళీవే అయినా, పేలకుండా ఒక్కోదానికీ ప్లాస్టిక్ పట్టీ బిగించి కట్టేస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ల ప్యాంట్లలో ఉన్నవి మాత్రం నిండా గుళ్లతో, ఏ కట్టూ లేకుండా తిరుగుతుంటాయి. ఖాళీదానికి సంకెళ్లు, నిండినదానికి విడుదల! ఇంత ఉదారమైన ఏర్పాటు ఇంకే దేశంలో ఉంది?

దొంగ అనేవాడు ఆ హాలు ఛాయలకి కూడా రాడని మనందరి నమ్మకం. రెండేళ్ల క్రితం మన అధ్యక్షుడు హార్లన్‌గారు తినబోతున్న 'పీకన్ పై' అనే తీపి వంటకాన్ని ఎవరో ఎత్తుకుపోయిన మాట నిజమే. మూడు వేల మంది సాయుధుల మధ్య నించి, ప్లేటుతో సహా. అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా పాఠాల్లో తొమ్మిదోది బాత్‌రూము పాఠం. నవ్వకండి. పిస్తోలు పెట్టుకున్న మనిషికి జీవితంలో అత్యంత ప్రమాదకరమైన క్షణం, కూర్చోడానికి ప్యాంటు దించే క్షణం. అప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి? దిగిన ప్యాంటులోనే ఉంచాలి. ప్యాంటు మరిచిపోయి ఎవడూ బయటికి రాడు కదా! తలుపు కొక్కేనికి తగిలించకూడదు. నీళ్ల ట్యాంకు మీద పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పక్క గోడకుండే టాయిలెట్ కాగితం డబ్బా మీద పెట్టకూడదు. "కాగితం డబ్బా మీద పెట్టినవాడు మనిషే కాడు" అని క్లాసులో అందరి చేతా మూడుసార్లు అనిపిస్తాను. మీరూ అన్నారు, గుర్తుందా?

ఫలకం పుచ్చుకునే రోజు కదా అని ఒలీటా నాకు కొత్త సూటు కొంది. దానికి బెల్టు లేదు. భుజాల మీదుగా సాగే పట్టీలు. పొద్దున్న పిస్తోలు నడుముకి పెట్టించి, అటు ఒక గుంజు ఇటు ఒక గుంజు గుంజి, ప్యాంటు కాళ్లు రెండూ సమానంగా వచ్చేలా పట్టీలు సరిచేసింది. "ఇవాళ మనిషిలా ఉన్నావు" అంది.

పన్నెండుకి పది నిమిషాల ముందు బాత్‌రూముకి వెళ్లాను. ఆ తలుపు మీద "సుడిగాలి వస్తే ఇక్కడ తలదాచుకోండి" అని బోర్డు ఉంటుంది. మొత్తం హాలులో అన్నిటికన్నా భద్రమైన గది అదే. లోపల చిన్న గదిలో దూరాను. బెల్టు లేని ప్యాంటు, పట్టీలు వదులు చేయగానే పిస్తోలు బరువుకి దభీమని నేలకి జారబోయింది. దాన్ని పట్టుకుని, తాత్కాలికంగా, ఒక్క క్షణం కోసం, కాగితం డబ్బా మీద పెట్టాను.

అప్పుడే నా ఉపన్యాసానికి ఒక గొప్ప వాక్యం తట్టింది. "బాధ్యత తెలిసిన మనిషి రెంటిని ఎక్కడా వదిలిపెట్టడు, ఒకటి తన నీడ, రెండు తన తుపాకీ." నీడ అన్న మాట ఎంత బాగుందో! నాలుగుసార్లు అనుకున్నాను. పైకి ఒకసారి అన్నాను. పక్కగదిలోంచి ఎవరో "శభాష్" అన్నారు కూడా. ఆ ఊపులో లేచి, పట్టీలు తగిలించుకుని, చేతులు కడుక్కుని బయటికి వచ్చేశాను. శనివారం పన్నెండింటికి ఎప్పుడూ వేసినట్టే సుడిగాలి సైరన్ పరీక్షకి వేశారు. అది నాకు జేజేలు కొట్టినట్టే వినిపించింది.

అరగంట తరవాత నేను హాలులో, చేతిలో చల్లటి తీపి టీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. హార్లన్‌గారు వేదిక మీదికొచ్చి మైకు తట్టారు.

"మిత్రులారా, చిన్న మనవి. మగవాళ్ల బాత్‌రూములో ఒక... ఒక వస్తువు దొరికింది. నల్లగా ఉంటుంది. ఎవరిదో వాళ్లు కాస్త వెళ్లి..."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, అది అబద్ధం. నడుములు తడుముకుంటారు! మూడు వేల చేతులు ఒక్కసారి కదిలాయి. నడుం మీద తట్టుకున్నవాళ్లు, వంగి చీలమండ చూసుకున్నవాళ్లు, చంక కింద చెయ్యి పెట్టుకున్నవాళ్లు. ఒకాయన మూడు చోట్ల తడుముకున్నాడు, మూడు చోట్లా ఉన్నాయి. ఆడవాళ్లు చేతిసంచులు తెరిచి చూసుకున్నారు, బాత్‌రూము మగవాళ్లదని చెప్పినా. మైకు ముందు నిలబడ్డ హార్లన్‌గారు కూడా తడుముకున్నారు. తరవాత హాలంతా "హమ్మయ్య" అని ఒక నిట్టూర్పు. ఒక్క నిట్టూర్పు మాత్రం తక్కువైంది.

నా చేతికి ప్యాంటు దొరికింది. దాని లోపల నేనే దొరికాను.

వేదిక మీద తన కుర్చీలో ట్విలా ఒక్కతే తడుముకోలేదు. తన పిస్తోలు కారులో పెట్టి తాళం వేసి వచ్చిందట. ముప్ఫై ఒక్కేళ్లు బస్సు అద్దంలోంచి చివరి సీటులో ఎవరు ఎవర్ని గిల్లారో కనిపెట్టిన కళ్లు ఆమెవి. ఆ కళ్లు మూడు వేల తలల మీదుగా తిన్నగా వచ్చి నా దగ్గర ఆగాయి. నేను గ్లాసులోని ఐసుముక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పరుగెత్తకుండా పరుగెత్తి బాత్‌రూము దగ్గరికి వెళ్లాను. గుమ్మానికి అడ్డంగా "నేల తడిగా ఉంది" అన్న పసుప్పచ్చ బోర్డు. దాని వెనక, నేల తుడిచే కర్రని అడ్డంగా పట్టుకుని, హాలు శుభ్రం చేసే ఇర్మా. అయిదడుగులు కూడా ఉండదు. ఆమె ముందు పాతికమంది సాయుధులు కాళ్లు మెలికలేసుకుని నిలబడి ఉన్నారు. ఇంకో బాత్‌రూము హాలుకి ఆ చివర ఉంది. కొందరు అంత దూరం నడిచే దశ దాటిపోయారు.

"వస్తువు ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకునేదాకా ఎవ్వరూ లోపలికి పోరు. మీ అధ్యక్షుడే చెప్పాడు. పోలీసుల్ని పిలుద్దామంటే పేపర్లో పడుతుందన్నాడు" అంటోంది ఇర్మా.

"నేను తీసి పక్కన పెడతానమ్మా, నాకు ట్రైనింగు ఉంది" అన్నాడొకడు.

"మీకు ముందు పదకొండు మంది చెప్పారు ఆ మాట. ట్రైనింగు ఉన్నోడే కదండీ అక్కడ పెట్టిపోయింది!"

పాతికమందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పాతికమందిలో తొమ్మిదిమంది నా శిష్యులు. వాళ్లు పక్కకి జరిగి నాకు దారిచ్చారు. "మాస్టారొచ్చారు, ఇంక పర్లేదు" అన్నాడు వాళ్లలో ఒకడు.

నేను గొంతు సవరించుకున్నాను. "చూడమ్మా, నేను శిక్షకుణ్ణి. ఇలాంటివి ఎలా పట్టుకోవాలో నేర్పేవాణ్ణి. నన్ను లోపలికి వెళ్లనివ్వు."

ఇర్మా నన్ను కింది నుంచి పైకి చూసింది. "మీదేనా సార్?"

వెనక తొమ్మిదిమంది ఊపిరి నా మెడకి తగులుతోంది.

"కాదు" అన్నాను.

పాఠకులారా, ఇరవై ఏడేళ్లలో నేనింత దగ్గర నించి, ఇంత సూటిగా ఏదీ పేల్చలేదు.

"అయితే ఆ పక్క నిలబడండి" అంది ఇర్మా. కర్ర ఒక్క అంగుళం కూడా కదల్లేదు. తరవాత, నాతో అన్నట్టు కాకుండా అందరితో అన్నట్టు చెప్పింది. "దాన్ని చూసింది ఎవరో తెలుసా? ఒక పాప. నాలుగేళ్లుంటాయి. వాళ్ల నాన్న తనతో ఇక్కడికే తీసుకొచ్చి, ఆ చిన్న గదిలోకి పంపి తలుపు బయట నిలబడ్డాడు. పాప బయటికొచ్చి నన్ను పిలిచి, 'ఆంటీ, అక్కడ ఎవరో బొమ్మ మరిచిపోయారు, ఏడుస్తూ ఉంటారు పాపం' అంది. ఎందుకు ముట్టుకోలేదమ్మా అంటే, 'ఎవరి బొమ్మలు వాళ్లవే, అడక్కుండా ముట్టుకోకూడదని మా అమ్మ చెప్పింది' అంది. ఆ కాగితం డబ్బా ఎంత ఎత్తులో ఉంటుందో చూశారా మీరు? ఇదిగో." కర్రని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి తన నడుం కన్నా కిందికి దించి చూపించింది.

ఎవరూ నవ్వలేదు. నేను అక్కణ్ణించి వచ్చేశాను.

ఇప్పుడు మీరు అడుగుతారు, తరవాత ఏం చేశావని. ఏం చేశాను? ఫలకం పుచ్చుకున్నాను! రెండింటికి వేదికెక్కాను. హార్లన్‌గారు నా భుజం తట్టి, ఇలాంటి మనిషి నూటికో కోటికో ఒకడన్నారు. ముందు వరసలో ఒలీటా చప్పట్లు కొట్టబోయి ఆగింది. నా కాళ్ల వైపు చూసింది. పొద్దున్న పిస్తోలు బరువుకి సరిపెట్టిన పట్టీలు కదా, ఆ బరువు లేకపోయేసరికి కుడికాలి ప్యాంటు రెండంగుళాలు పైకి లేచి మేజోడు బయటపడింది. ఎడమది బుద్ధిగా బూటు మీద పడి ఉంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను మాట్లాడాను. నీడ దగ్గరికొచ్చేసరికి గొంతు గద్గదమైంది. అది భావోద్వేగం అనుకుని హాలంతా లేచి నిలబడింది. లాకర్ల తీర్మానం వీగిపోయింది. దానికి అనుకూలంగా లేచిన చేతులు పందొమ్మిది. వాటిలో ఒకటి ఒలీటాది.

మెట్లు దిగుతుంటే ట్విలా పక్కకి వచ్చింది. అందరి ముందూ నన్ను గంగలో కలపడానికి ఆమెకి ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు.

"ఇర్మాకి మూడింటికి డ్యూటీ దిగిపోతుంది డెల్మరూ. ఈలోగా వెళ్లి తెచ్చుకో. ఇంకెవరైనా పాప వస్తే, అందరికీ వాళ్లమ్మ చెప్పి ఉండకపోవచ్చు" అంది. అని, నా ఫలకం మీది అక్షరాలు తీరిగ్గా చదివి వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

బాత్‌రూము దగ్గర జనం పలచబడ్డారు. ఇర్మా అక్కడే ఉంది. మధ్యాహ్నం తిండి కూడా తిన్నట్టు లేదు.

"నాదే" అన్నాను.

"తెలుసు సార్. ఇందాకే మీ మేజోడు చూశాను" అంది. కర్ర పక్కకి తీసింది.

నా జీవితంలో నేను దాటిన అతి పొడవైన గుమ్మం అదే. పిస్తోలు నేను పెట్టిన చోటే ఉంది. దాని పక్కన నిలబడి కొలిచాను. నా మోకాలి కన్నా జానెడు పైన. గుళ్లు తీసేసి, తిన్నగా కారు దగ్గరికి వెళ్లి, డిక్కీలో పెట్టి తాళం వేసి వచ్చాను.

మిగిలిన సాయంత్రం నేను హాలులో ఖాళీ నడుంతో తిరిగాను. ఒక విచిత్రం చెప్పనా? నాకు భయం వేసింది. దొంగల భయం కాదు, దొంగ వస్తే పీకన్ పై తీసుకుని పోతాడు. నాకు మంచివాళ్ల భయం వేసింది. చుట్టూ మూడు వేల మంది బుద్ధిమంతులు, క్రమశిక్షణ ఉన్నవాళ్లు, నా దగ్గర చదువుకున్నవాళ్లు. అందరూ అచ్చం నాలాంటివాళ్లే!

ఒలీటా అలవాటుగా నా ఎడం పక్కకి రాబోతే చెయ్యి పట్టుకుని కుడి పక్కకి తెచ్చుకున్నాను. ఆమె ఎడం చెవి కింద బఠాణీగింజంత పుట్టుమచ్చ ఉంది.

"ఇదెప్పుడు వచ్చింది?" అన్నాను.

"పుట్టినప్పుడు వచ్చింది మొద్దూ" అంది.

కాబట్టి పాఠకులారా, మహాసభకు తుపాకీ పెట్టుకుని వెళ్లడం ఎంత మంచిదో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. తిండి తగ్గుతుంది, బరువు తప్పుతుంది, పెళ్లాంలో సగమే కనిపిస్తుంది. ఇంతకీ ఆ రోజు హార్లన్‌గారు అడిగిన ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. బాత్‌రూములో దొరికిన ఆ నల్లటి వస్తువు నాది. ఫలకం తపాలాలో సంఘానికి తిప్పి పంపాను, దానితోపాటు రాజీనామా కూడా. తీర్మానం హాలులో వీగిపోయినా నా దగ్గర నెగ్గింది. మీసం మెలేసి రాసిన మాట కదా, కాస్త ఆలస్యంగానైనా నిలబెట్టుకోవాలి.

వచ్చే ఏడు ట్విలా మళ్లీ లాకర్ల తీర్మానం పెడుతుంది. ఈసారి ఇరవయ్యో చెయ్యి నాది. అయితే సవరణల మనిషిని కాబట్టి, ఆ తీర్మానానికి ఒక చిన్న సవరణ కోరుతున్నాను. ఆ లాకర్లు నాలుగేళ్ల పాప చేతికి అందనంత ఎత్తున పెట్టించండి.